వాన కోసం ప్రార్థించే సంఘం, పడిన వానను ఏం చేస్తోంది?

2015 డిసెంబరులో చెన్నై చర్చిల్లో వాన ఆగాలని ప్రార్థించారు. నాలుగేళ్లు తిరక్కముందే, 2019 జూన్‌లో, అవే చర్చిల్లో వాన పడాలని ఉపవాస ప్రార్థనలు పెట్టారు. మొదటిసారి అడయారు నది పొంగి వేల ఇళ్లు మునిగాయి. రెండోసారి పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, అంటే నగరానికి నీళ్లిచ్చే నాలుగు జలాశయాలూ దాదాపు అడుగంటిపోయి, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ రెండు ప్రార్థనలూ మనసారా చేసినవే, కన్నీళ్లతో చేసినవే, వాటిని తక్కువ చేసి మాట్లాడటానికి లేదు. అయితే ఆ రెండింటి మధ్యలో ఈ ఊళ్లో పడిన వాన ఎటు పోయింది, దాన్ని పట్టుకోవాల్సిన చెరువులు ఏమయ్యాయి, సముద్రం దాకా తీసుకుపోవాల్సిన కాలువలు ఎందుకు పూడిపోయాయి అన్న ప్రశ్న మాత్రం ప్రసంగాల్లో వినపడటం చాలా అరుదు.

సృష్టిని కాపాడుకోవాలి అనగానే చెన్నైలోని మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలామందికి గుర్తొచ్చేది జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినం నాడు, యువజనులు ఒక మొక్క నాటి ఫోటో దిగడం. మంచిదే, కానీ అది అసలు విషయంలో చాలా చిన్న ముక్క. నిన్ను వలె నీ పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ చెన్నై లాంటి నగరంలో నడవాల్సిన దారి నీళ్ల మీదుగా, చెత్త మీదుగా, మురుగు కాలువ మీదుగా పోతుంది. ఒకరు పారేసింది ఇంకొకరి గుమ్మం ముందుకు చేరే ఊరిది. కాబట్టి ఇక్కడ ప్రకృతిని చూసుకోవడం భక్తికి పక్కన తగిలించుకునే ప్రోగ్రాం అవదు, ఆ ఆజ్ఞకు లోబడటంలోనే అదీ ఒక భాగం.

మరి సంఘాలు ఎందుకు వెనకాడుతున్నాయి? మూడు మాటలు తరచుగా వినిపిస్తాయి. అన్నిటికంటే బలంగా వినపడేది, "ఈ లోకం ఎలాగూ కాలిపోయేదే కదా" అన్నది. 2 పేతురు 3వ అధ్యాయంలో భూమి, దాని మీదున్న కృత్యాలు కాలిపోతాయని ఉంది, నిజమే. కానీ అదే అధ్యాయం కొన్ని వచనాల ముందు నోవహు కాలం నాటి లోకం నీళ్లలో నశించిందని కూడా చెబుతుంది. నశించిందన్న ఆ భూమి మీదే నోవహు ఓడ దిగి బలిపీఠం కట్టాడు, ద్రాక్షతోట వేశాడు. అంటే అక్కడ తీర్పు చెడును కడిగింది గానీ భూమిని లేకుండా చేయలేదు. పేతురు అగ్ని గురించి మాట్లాడేటప్పుడు పోలిక తెచ్చింది ఆ జలప్రళయంతోనే, చివరికి చూపించింది నీతి నివసించే కొత్త ఆకాశాన్నీ కొత్త భూమినీ. రోమా పత్రిక 8వ అధ్యాయం ఇంకా స్పష్టంగా ఉంటుంది: సృష్టి యావత్తు మూలుగుతూ ప్రసవవేదన పడుతోంది, నాశనానికి లోనైన దాస్యం నుంచి విడుదల కోసం ఎదురుచూస్తోంది అంటాడు పౌలు. ప్రసవవేదన చివర్లో ఉండేది పుట్టుక. ఇంకో మాట కూడా ఆలోచించాలి. దేహం మట్టిలో కలిసేదేనని తెలిసి కూడా క్రైస్తవులు చనిపోయినవాళ్లను గౌరవంగా, పాటలు పాడి, పునరుత్థాన నిరీక్షణతో సమాధి చేస్తారు. ఎలాగూ మట్టే కదా అని దేహాన్ని అగౌరవపరచరు. దేహం విషయంలో ఇంత స్పష్టంగా ఉన్న నమ్మకం, ఆ దేహాన్ని ఏ మట్టి నుంచి తీశారో ఆ మట్టి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు సన్నగిల్లాలి?

రెండో మాట, చెట్టుకూ నదికీ అంత విలువ ఇస్తే అది ప్రకృతి పూజ వైపు పోదా అన్న భయం. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. తెలుగు క్రైస్తవ కుటుంబాలు చాలావాటిలో తాతల తరమో ముత్తాతల తరమో చెట్టునో పుట్టనో మొక్కడం మానేసి, దానికోసం ఊళ్లో మాటలు పడి, కొన్నిచోట్ల వెలి భరించి ఈ విశ్వాసంలోకి వచ్చింది. కాబట్టి ఆ జాగ్రత్తకు కారణం ఉంది. కానీ బైబిలు ఇచ్చే జవాబు కూడా గట్టిదే. చెట్టుకు మొక్కకూడదు, ఎందుకంటే అది దేవుడు కాదు, దేవుడు చేసింది. అదే కారణంతో దాన్ని ఇష్టమొచ్చినట్టు నాశనం చేయడానికీ హక్కు లేదు. 104వ కీర్తనలో సింహపు పిల్లలు దేవుణ్ణి ఆహారం అడుగుతాయి, పక్షులు గూళ్లు కట్టుకోవడానికి చెట్లుంటాయి, కొండమేకలకు కొండలుంటాయి, మనిషి కూడా అదే జాబితాలో పొద్దున్నే పనికిపోయి సాయంత్రం తిరిగొచ్చే ఒక జీవిగా కనిపిస్తాడు. యోబు 38లోనైతే మనుషులెవరూ లేని ఎడారి మీద కూడా దేవుడు వాన కురిపిస్తున్నాడని ఉంది. మనకు ఏ ఉపయోగమూ లేని చోట పచ్చగడ్డి మొలిపిస్తున్న దేవుణ్ణి ఆరాధించేవాళ్లకు, ఉపయోగం లేదు కాబట్టి పూడ్చేద్దాం అనే మాట అంత సులువుగా నోట రాకూడదు.

మూడోది, సువార్త ముందు, ఇవన్నీ తర్వాత అన్న మాట. దీనికి సమాధానం సువార్త పనికి అంకితమైన వాళ్ల నుంచే వచ్చింది. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన లొసాన్ మహాసభ, అంటే ప్రపంచ సువార్త ఉద్యమపు సభ, తన ప్రకటనలో దేవుని సృష్టిని ప్రేమించడాన్ని కూడా చేర్చింది, 2012లో జమైకాలో జరిగిన లొసాన్ సంప్రదింపులు సృష్టి సంరక్షణ క్రీస్తు ప్రభువుగా ఏలడానికి, సువార్తకు సంబంధించిన విషయమేనని తేల్చి చెప్పాయి.

ఇక బయటి నుంచి వచ్చే విమర్శ ఒకటుంది. 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో, ప్రకృతి ఉన్నదంతా మనిషి కోసమే అనే ఆలోచనను పాశ్చాత్య క్రైస్తవ్యం పెంచి పోషించిందని, పర్యావరణ సంక్షోభానికి అదీ ఒక మూలమని అన్నాడు. అందులో నిజం కొంత ఉంది, ఒప్పుకోవాలి. ఆదికాండము 1వ అధ్యాయంలో భూమిని లోపరచుకొని ఏలుడి అన్న మాటను గనులకూ ఫ్యాక్టరీలకూ లైసెన్సులా వాడుకున్నవాళ్లు చరిత్రలో ఉన్నారు. కానీ బైబిల్లో మంచి రాజు ఎలా ఏలతాడో తెలుసుకోవాలంటే 72వ కీర్తన చదవాలి: దీనులకు న్యాయం తీరుస్తాడు, మొర పెట్టే బీదల్ని విడిపిస్తాడు, కోసిన గడ్డి మీద పడే వానలా ఉంటాడు. ఏలిక అంటే అది. ఆదికాండము 2వ అధ్యాయంలో నరుణ్ణి తోటలో పెట్టింది సేద్యం చేయడానికీ, దాన్ని కాయడానికీ.

ధర్మశాస్త్రంలో ఇవి ఒట్టి భావాలుగా ఆగిపోలేదు, నిబంధనలుగా ఉన్నాయి. ఏడో ఏడు పొలాన్ని బీడు పెట్టి విశ్రాంతినివ్వాలి. యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినా పండ్ల చెట్లను నరకకూడదు. గూట్లో పిల్లల్ని తీసుకుంటే తల్లి పక్షిని వదిలేయాలి. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదు. లేవీయకాండము 25లో దేవుడు భూమి నాదే, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అంటాడు. చెన్నైలో అద్దెకుండే ఏ తెలుగు కుటుంబానికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది: ఇల్లు మనది కాదు, హాయిగా ఉండొచ్చు, పిల్లల్ని పెంచుకోవచ్చు, కానీ గోడలు పాడుచేస్తే ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన అడ్వాన్సులో కోసుకుంటాడు. ఇశ్రాయేలీయుల విషయంలో ఆ కోత కూడా జరిగింది. వాళ్లు చెరలోకి పోయిన డెబ్బై ఏళ్లూ దేశం తనకు ఎగ్గొట్టిన విశ్రాంతి దినాలను అనుభవించిందని 2 దినవృత్తాంతముల చివరి అధ్యాయంలో ఉంది.

ఈ విషయం మీద మన చర్చిల్లో తరచుగా చదవాల్సింది, అసలు చదవనిదీ అనిపించే భాగం యెహెజ్కేలు 34. అక్కడ దేవుడు బలిసిన గొర్రెలతో మాట్లాడతాడు. మీరు మంచి మేత మేసింది చాలక మిగిలినదాన్ని కాళ్లతో తొక్కుతారా, తేట నీళ్లు తాగింది చాలక మిగిలిన నీళ్లను బురద చేస్తారా, మీరు తొక్కింది నా గొర్రెలు మేయాలా, మీరు బురద చేసింది అవి తాగాలా అని అడుగుతాడు. ఒక ఊళ్లో నీళ్లు పై నుంచి కిందికి ఎలా ప్రయాణిస్తాయో, ఎవరి మురికి ఎవరి వంతుకు వస్తుందో ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

చెన్నైలో ఆ నీళ్ల దారి ఎక్కడుందో చూడాలంటే బకింగ్‌హామ్ కాలువ దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ తెలుగు క్రైస్తవుల చరిత్ర, నీళ్ల చరిత్ర కలిసిపోయి ఉన్నాయి, ఆ సంగతి ఈ తరం తెలుసుకోవాల్సిన అవసరం చాలా ఉంది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని మహా క్షామం పీల్చి పిప్పి చేసింది. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ, మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు. ప్రభుత్వం కరువు పనిగా ఈ బకింగ్‌హామ్ కాలువను తవ్విస్తుంటే ఆయన మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నాడు, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చిన వేలమంది, ఎక్కువగా మాదిగలు, అక్కడ మట్టి తవ్వి కూలి తీసుకుని బతికారు, విరామంలో బోధకుల మాటలు విన్నారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం క్లౌ ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సంఖ్యను తెలుగు బాప్టిస్టులు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ దానికి ముందున్న మూడున్నర మైళ్లను మర్చిపోతే కథ సగమే మిగులుతుంది. కాలువ తవ్వకం, కూలి, అన్నం, వాక్యం, నదిలో బాప్తిస్మం, ఇవి ఆ తరానికి వేరువేరు విషయాలు కాలేదు. కరువుకు జవాబుగా ఆ సంఘం మోకాళ్లూ వాడింది, పలుగూ పారా కూడా వాడింది.

ఇప్పుడు అదే కాలువ చెన్నైలో ఎలా ఉందో చూడండి. ఆంధ్రలోని పెద్దగంజాం వైపు నుంచి తమిళనాడులోకి సుమారు 420 కిలోమీటర్లు సాగే ఈ కాలువ మీద ఒకప్పుడు ఉప్పు, బియ్యం, సరుగుడు కట్టెలు పడవల్లో మద్రాసుకు వచ్చేవి. 1960ల్లో వచ్చిన తుఫానులకు దెబ్బతిని పడవలు క్రమంగా ఆగిపోయాయి. తర్వాత నగరంలో లోకల్ రైలు కోసం వేసిన ఎత్తైన లైను స్తంభాలు చాలా దూరం కాలువ మధ్యలోనే దిగాయి. ఇరుకైపోయిన ఆ కాలువలోకి ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు, చెత్త. వేసవిలో నల్లగా చిక్కగా కదలకుండా ఉంటుంది, మీద బుడగలు లేస్తుంటాయి, వంతెన దాటేటప్పుడు బస్సులో జనం ముక్కు మూసుకుంటారు. వాన పడినప్పుడు అదే కాలువ నగరంలో దాదాపు మొత్తం పొడవునా కూవం, అడయారు, కొసస్తలయారు నదుల్ని కలుపుతూ నీళ్లను సముద్రానికి చేర్చాలి. చోటు లేకపోతే నీళ్లు వెనక్కి తన్ని గుడిసెల్లోకి వస్తాయి. 2004 సునామీ అప్పుడు తీరానికి సమాంతరంగా ఉన్న ఈ కాలువ అలల పోటును కొంత తనలోకి తీసుకుని వెనకున్న ఊళ్లకు అడ్డుపడింది. అంటే తన పని తాను చేసే అవకాశమిస్తే కాలువ ఇప్పటికీ చేస్తుంది.

ఉత్తర చెన్నై సంగతి ఇంకా బాధగా ఉంటుంది. పెరంబూరు, వ్యాసార్‌పాడి, రాయపురం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, తెలుగు ఆరాధనలు జరిగే చర్చిలూ ఉన్నాయి. ఆ పక్కనే కొడుంగయూరు డంపింగ్ యార్డు, సుమారు 340 ఎకరాలు. రోజుకు 5,000 టన్నులకు పైగా చెత్త పుట్టే నగరంలో సగం భారం ఆ దిక్కుకే పోతుంది. ఇంకాస్త పైకెళ్తే ఎన్నూరు. థర్మల్ కేంద్రాల బూడిద కలిసి కలిసి అక్కడి వాగు పూడుకుపోయింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదల్లో ఒక రిఫైనరీ వైపు నుంచి చమురు కొట్టుకొచ్చి జాలరుల పడవలు, వలలు నల్లబడ్డాయి, వారాలపాటు వేట లేదు. దక్షిణాన పళ్లికరణై చిత్తడి నేల కథ వేరేమీ కాదు. ఒకప్పుడు వేల హెక్టార్లు ఉన్న నేల, ఐటీ కారిడార్, రోడ్లు, పెరుంగుడి చెత్త యార్డు కలిసి తినేయగా మిగిలిన ముక్కను 2022లో రామ్‌సర్ స్థలంగా, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా గుర్తించారు. వాన నీళ్లను స్పాంజిలా పీల్చాల్సిన నేల మీద అపార్టుమెంట్లు లేస్తే ఆ నీళ్లు పక్కనున్న వేళచ్చేరి వీధుల్లోకి వస్తాయి, ఇందులో మర్మమేమీ లేదు.

చెన్నైలో చెత్త ఎత్తేవాళ్లు, మురుగు కాలువలు తోడేవాళ్లు ఎవరు? వాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే దళితులు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ముత్తాతల కాలంలో వచ్చినవాళ్లు. వాళ్లలో క్రైస్తవులు ఎందరో. 2025 ఆగస్టులో రాయపురం, తిరువికనగర్ జోన్ల పనిని ప్రైవేటుకు ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ కార్పొరేషన్ కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్న పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు ఇళ్లవాళ్లూ ఉన్నారు. ఆదివారం పక్క పక్క కుర్చీల్లో కూర్చుని ఒకే పాట పాడినవాళ్లలో ఒకరు విందు తర్వాత పారేసిన ప్లేట్లు, సోమవారం తెల్లవారుజామున ఇంకొకరు చేత్తో ఎత్తుతున్నారు. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, అయినా దింపుతున్నారు, ప్రాణాలు పోతున్నాయి. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు నష్టపరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకు పెంచాల్సి వచ్చిందంటేనే పరిస్థితి తెలుస్తుంది. కాబట్టి చర్చిలో ప్లాస్టిక్ గురించి మాట్లాడటం చదువుకున్నవాళ్ల సరదా అనుకుంటే పొరపాటు. అది సొంత సంఘ సభ్యుల వేళ్లకు గుచ్చుకునే విషయం.

చాలా దగ్గరగా ఒక్క వస్తువును చూద్దాం. ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షారసం పోసే చిన్న ప్లాస్టిక్ కప్పు. బొటనవేలంత ఉంటుంది, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. గుండ్రని ట్రేలో చిల్లుల వరసల్లో పెడతారు, ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు, ఒక్క గుక్క, తర్వాత ట్రేలోనో కుర్చీ కిందో పెడతారు, చివరికి నల్ల కవర్లోకి పోతుంది. మూడొందలమంది వచ్చే సంఘం నెలకొకసారి బల్ల ఆరాధన జరిపితే ఏడాదికి 3,600 కప్పులు. పాత సామాన్ల కొట్టువాళ్లు నీళ్ల బాటిళ్లనైతే కిలోల లెక్కన కొంటారు, ఇంత చిన్నవాటిని ఏరి పోగు చేసే ఓపిక, లాభం ఎవరికీ ఉండవు. అవి కాలువలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి. క్రీస్తు రక్తానికి గుర్తుగా పంచుకున్న పాత్ర చివరికి సముద్రంలో చేప కడుపులో చేరడం ఏ విశ్వాసికీ ఇష్టం ఉండదు. గాజు కప్పులో, స్టీలు కప్పులో కొనుక్కుంటే ఏళ్ల తరబడి వస్తాయి, వేడినీళ్లలో కడిగి ఆరబెట్టే పని మాత్రం వంతుల వారీగా ఎవరో ఒకరు చేయాలి. ఆ వంతుల్లో స్త్రీల సమాజం ఒక్కటే ఉండకుండా సంఘ పెద్దలు కూడా ఉంటే బావుంటుంది, శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువును నమ్మేవాళ్లం కదా.

సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకూ అంతే. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచే ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ రకాలు పద్నాలుగింటిని నిషేధించారు, థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులు అందులో ఉన్నాయి. అరిటాకో వక్కమట్ట ప్లేటో, లేదా సంఘానికి సొంతంగా స్టీలు ప్లేట్లో చాలు. అయిదు రొట్టెలు పంచిన రోజున, తిండికి కొదవ లేని ఆ సాయంత్రం కూడా, ఏదీ వృథా కాకుండా మిగిలిన ముక్కలు పోగు చేయమన్నాడు యేసు. క్రిస్మస్ బిర్యానీ మిగిలితే ఎక్కడికి పంపాలో ముందే అనుకుని పెట్టుకోవడం ఆ మాటకు ఇవాళ్టి రూపం.

నీళ్ల విషయంలో చర్చికి ఉన్న అవకాశం ఇంటికి ఉండదు, ఎందుకంటే చర్చికి పెద్ద పైకప్పు ఉంటుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. 3,000 చదరపు అడుగుల కప్పు, అంటే దాదాపు 280 చదరపు మీటర్లు ఉన్న ఒక మామూలు చర్చి మీద ఏడాదికి 3,90,000 లీటర్లు పడతాయి. కొంత ఆవిరై, కొంత కారిపోయి అయిదో వంతు పోయిందనుకున్నా మూడు లక్షల లీటర్లకు పైనే మిగులుతాయి, 12,000 లీటర్ల ట్యాంకర్ లారీలు పాతిక పైమాటే. తమిళనాడులో అన్ని భవనాలకూ వాననీటి సేకరణ 2003 నుంచి తప్పనిసరి, కాబట్టి చాలా చర్చిల్లో పైపులు, ఇంకుడు గుంతలు పేరుకు ఉన్నాయి. వెళ్లి చూస్తే పైపు మధ్యలో విరిగి నీళ్లు రోడ్డు మీదికి పోతుంటాయి, గుంతలో కంకర మీద ఆకులు, కవర్లు, మట్టి అట్టలు కట్టి నీళ్లు దిగవు. కట్టడానికి ఒకసారి డబ్బు చాలు, శుభ్రం చేయడానికి ప్రతి ఏడాదీ మనుషులు కావాలి. ఆగిపోయింది అక్కడే.

ఇక్కడ క్యాలెండరు భలేగా కలిసొస్తుంది. 1989లో ఆర్థడాక్స్ చర్చి మతపెద్ద పాట్రియార్క్ దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించారు, 2015లో పోప్ ఫ్రాన్సిస్ కాథలిక్కులకూ దాన్ని తీసుకొచ్చారు, ఇప్పుడు చాలా సంఘాలు ఆ రోజు నుంచి అస్సీసీ ఫ్రాన్సిస్‌ను స్మరించుకునే అక్టోబరు 4 వరకు సృష్టి కాలంగా పాటిస్తున్నాయి. చెన్నైకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు మధ్యలో మొదలై డిసెంబరు దాకా పడతాయి. అంటే సృష్టి కాలం అయిదు వారాలు సరిగ్గా వానకు ముందొస్తున్నాయి. గుంతలు తోడటానికి, పైపులు బాగుచేయడానికి, వీధి కాలువ మూసుకుపోయిందని కార్పొరేషన్‌కు ఫిర్యాదు పెట్టడానికి, మొక్కలు నాటడానికి అంతకంటే మంచి సమయం లేదు. జూన్ మొదటి వారంలో, మే నెల అగ్నినక్షత్రం ఎండలు వెళ్లీ వెళ్లకముందే నాటిన మొక్క రోజూ నీళ్లు పోసేవాళ్లు లేకపోతే నెల తిరక్కుండా ఎండిపోతుంది. ఇంకో ప్రదేశంలో పుట్టిన తేదీని ఇక్కడ గుడ్డిగా పట్టుకోవాల్సిన పని లేదు.

ఏ చెట్లు అన్నదీ ముఖ్యమే. 2016 డిసెంబరు 12న వర్దా తుఫానుకు చెన్నైలో వేల చెట్లు కూలాయి, గుల్‌మొహర్ లాంటి బయటి రకాలు ఎక్కువగా పడ్డాయి. వేప, కానుగ, పున్నాగ, నేరేడు లాంటివి ఈ గాలికీ ఈ నేలకూ అలవాటుపడినవి. చెట్టు పెట్టాక దాని చుట్టూ మట్టి వదలాలి. ఈ మధ్య చాలా చర్చి ఆవరణలు మొత్తం ఇంటర్‌లాక్ టైల్స్‌తో నింపేస్తున్నారు, బురద ఉండదు, శుభ్రంగా కనిపిస్తుంది నిజమే, కానీ కింద భూమిలోకి చుక్క నీరు సరిగ్గా దిగదు, వేర్లకు ఊపిరాడదు. కార్లు నిలిపే చోట వేసుకుని మిగతాది వదిలేస్తే చాలు. ఉత్తర ఇథియోపియాలో సహజ అడవి అంతా పొలాలకు పోయాక, మిగిలిన ముక్కలు చాలావరకు ఆర్థడాక్స్ చర్చిల చుట్టూనే ఉన్నాయి. చర్చి ఆవరణ పవిత్రమైనది కాబట్టి అక్కడి చెట్టునూ నరకలేదు. శతాబ్దాల పాటు ఏ ప్రాజెక్టూ లేకుండా, ఒక్క భక్తితోనే జరిగిన పని అది.

ఒక్క చర్చి కప్పులు మార్చుకుంటే కూవం బాగుపడుతుందా అని అడిగేవాళ్లుంటారు. పడదు. ఎన్నూరు బూడిదకు, పళ్లికరణై ఆక్రమణకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం, కంపెనీలు. అందుకే సంఘం నోరు కూడా విప్పాలి. 2025లో కొడుంగయూరులో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు వద్దని స్థానికులు రోడ్డు మీద మానవహారం కట్టారు. ఇలాంటివాటిలో పార్టీల జెండాలు పట్టుకోనక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లి అక్కడ బతికే తెలుగు కుటుంబాల తరఫున రెండు మాటలు చెప్పొచ్చు, పాస్టర్ల సంఘం పేరుతో వినతిపత్రం ఇవ్వొచ్చు, కార్మికులకు చేతి తొడుగులు, యంత్రాలు ఇవ్వమని అడగొచ్చు. తన ఆవరణలో గుంత శుభ్రం చేసుకున్న సంఘం అడిగితే ఆ మాటకు బలం వేరేగా ఉంటుంది.

దీనికి నిపుణుల కోసం బయట వెతకాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. ఏ వీధిలో వాననీటి కాలువ ఎక్కడ పూడిందో, ఏ మ్యాన్‌హోల్ మొదట పొంగుతుందో, ఏ ఫ్యాక్టరీ రాత్రిపూట నీళ్లు వదులుతుందో, చర్చి ముందు పోగయ్యే చెత్త ఎక్కడి నుంచి వస్తుందో రోజూ అక్కడ పనిచేసే మన సంఘస్థులకు తెలుసు. చాలా కమిటీల్లో వాళ్లకు చోటుండదు, డబ్బు, చదువు ఉన్నవాళ్లే కూర్చుంటారు. సెప్టెంబరు ప్లాన్ వేసే ఆగస్టు మీటింగుకు వాళ్లను పిలిచి, ముందు వాళ్లు చెప్పేది విని, ఆ తర్వాత బడ్జెట్ రాసుకోవాలి.